కనెక్టింగ్ రాడ్‌ను విరిగేదాకా నడిపించడం: టెస్ట్ బెంచ్ మీద నా అనుభవం

ఇంజిన్ మన్నిక పరీక్ష అనగానే డైనమోమీటర్ (ఇంజిన్‌కు లోడ్ ఇచ్చి కొలిచే యంత్రం, డైనో) మీద ఇంజిన్‌ను వందల గంటలు ఫుల్ లోడ్‌లో నడపడమే చాలామందికి గుర్తొస్తుంది. అది ఆఖరి మెట్టు. అక్కడిదాకా వెళ్ళాక కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కడ్డీ) విరిగితే బ్లాకుకు కన్నం పడుతుంది, క్రాంకు వంగుతుంది, పిస్టన్ ముక్కలవుతుంది. ఏది ముందు విరిగింది, ఏది దాని వల్ల విరిగింది అన్నది ఆ ఇనుప ముక్కల కుప్పలోంచి ఏరుకోవాలి. అందుకే ఏ భాగాన్నైనా ముందు విడిగా బెంచ్ మీద విరగ్గొడతాం. ఇక్కడ రాడ్ గురించే ఎక్కువ రాస్తున్నాను. ఫోర్జింగ్, బోల్ట్ జాయింట్, బుష్, బేరింగ్, ఆయిల్ రంధ్రం, షాట్ పీనింగ్ (చిన్న గుండ్లతో కొట్టి పైపొరను గట్టిపరచడం) అన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి దాన్ని సరిగ్గా పరీక్షించడం వస్తే మిగతావి పెద్ద కష్టం కాదు.

మొదటి పని మెషిన్ దగ్గర కాదు, కాగితం మీద. రాడ్ మీద పడే లోడ్ ఎంత? ఒక పెట్రోల్ ఇంజిన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. బోర్ (సిలిండర్ వ్యాసం) 80 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 90, రాడ్ పొడవు 150, సిలిండర్‌లో గరిష్ఠ పీడనం 80 బార్. పిస్టన్ పైభాగం వైశాల్యం సుమారు 5,027 చదరపు మిల్లీమీటర్లు. దాని మీద 80 బార్ అంటే 40 కిలోన్యూటన్ల నొక్కుడు. ఇది రాడ్‌ను కుదిస్తుంది.

లాగే లోడ్ వేరే చోటి నుంచి వస్తుంది. ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర పిస్టన్ పైకి వెళ్ళి ఆగి వెనక్కి తిరిగేటప్పుడు పైన గ్యాస్ పీడనం దాదాపు ఉండదు, పిస్టన్ బరువంతా రాడ్‌ను పైకి లాగుతుంది. పిస్టన్, పిన్, రింగులు, రాడ్ పైభాగం కలిపి అర కిలో అనుకుంటే 6,000 ఆర్‌పీఎం దగ్గర ఆ లాగుడు 11.5 కిలోన్యూటన్లు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ బిగ్ ఎండ్ (క్రాంకును పట్టుకునే పెద్ద చివర; పిస్టన్ వైపుది స్మాల్ ఎండ్) బోల్ట్‌లు పిస్టన్‌ను మాత్రమే పట్టుకోవడం లేదు. క్యాప్‌కు (బోల్ట్‌లతో బిగించే బిగ్ ఎండ్ కింది సగానికి) పైన క్రాంక్‌పిన్‌తో పాటు తిరుగుతున్న రాడ్ ముక్క బరువూ వాటి మీదే పడుతుంది. అది 300 గ్రాములైతే ఇంకో 5.3 కిలోన్యూటన్లు కలిసి మొత్తం 17కు దగ్గరవుతుంది. గేర్ తప్పుగా వేసి ఇంజిన్ వేగం 10 శాతం మించితే లోడ్ 10 శాతం కాదు, 21 శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది వేగం వర్గంతో పోతుంది. అప్పుడు బోల్ట్ జాయింట్ మీద 20 కిలోన్యూటన్లు.

కాబట్టి ఈ రాడ్‌కు మా నూరు శాతం లోడ్: 40 కుదింపు, 20 లాగుడు. ఇందులో కొంత అన్యాయం ఉందని తెలుసు. 40 కుదింపు తక్కువ వేగంలో ఫుల్ లోడ్ దగ్గర వస్తుంది. వేగం పెరిగితే పిస్టన్ జడత్వమే గ్యాస్ పీడనంలో కొంత తినేస్తుంది. 20 లాగుడు ఎక్కువ వేగంలోనే వస్తుంది. రెండూ ఒకే సైకిల్‌లో ఎప్పుడూ రావు. స్మాల్ ఎండ్ కన్నం దగ్గర కూడా బోల్ట్‌ల లెక్కతో వచ్చిన లాగుడు వేస్తున్నాం కాబట్టి అక్కడ అసలు కంటే ఎక్కువే పడుతోంది. ఈ సంగతి రిపోర్టులో రాసి పెట్టుకుంటాం. స్మాల్ ఎండ్ విరిగినప్పుడు దాన్ని గుర్తుచేసుకోవాల్సి వస్తుంది. ఇంకో లోటు కూడా ఉంది. ఇంజిన్‌లో రాడ్ అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊపుకు నడుము (రెండు చివరల మధ్య భాగం) వంగుతుంది. నిలువుగా లాగి నొక్కే మెషిన్‌లో ఆ వంపు రాదు. నడుము మధ్యలో వంపు వల్ల వచ్చే పగులును ఈ పరీక్ష చూపించదు, దానికి లెక్కల మీద, ఇంజిన్ పరీక్ష మీద ఆధారపడాలి.

శాంపిళ్ళు ఎలా ఎంచుతారన్న దాని మీదే ఫలితం సగం ఆధారపడి ఉంటుంది. ఒకే రోజు, ఒకే డై నుంచి, ఒకే హీట్ (ఒకసారి కరిగించిన) ఉక్కుతో చేసిన 15 రాడ్లు ఇస్తే వాటి మధ్య తేడా చాలా తక్కువ వస్తుంది. ఆ అంకె చూసి సంతోషపడితే ఉత్పత్తి మొదలయ్యాక మోసపోతాం. కనీసం మూడు బ్యాచ్‌ల నుంచి కావాలని పట్టుబడతాం. ప్రోటోటైప్ రాడ్లు ఒప్పుకోం: మిల్లింగ్ చేసిన ఉపరితలం వేరు, ఫోర్జ్ చేసి షాట్ పీన్ చేసిన ఉపరితలం వేరు. వచ్చిన ప్రతి రాడ్ మీద నంబర్ వేస్తాం, కానీ పంచ్‌తో కొట్టం, నడుము మీద అసలే కొట్టం. ఆ పంచ్ గుంటే పగులుకు పుట్టినిల్లు అవుతుంది. క్యాప్ పక్కన ఎలక్ట్రిక్ ఎచింగ్ పెన్‌తో రాస్తాం. తర్వాత గట్టిదనం, బోర్ (రాడ్ చివరల్లోని కన్నం) కొలతలు, బరువు రాసుకుంటాం, మాగ్నెటిక్ పార్టికల్ పరీక్షలో (రాడ్‌ను అయస్కాంతంగా మార్చి ఇనుప రజనుతో) పగుళ్ళు చూస్తాం. ఆ పరీక్ష అయ్యాక డీమాగ్నెటైజ్ చేయడం మరిచిపోతే ఇనుప రజను బోర్‌కు అతుక్కుని బేరింగ్ షెల్ (బోర్‌లో కూర్చునే పలుచటి అరవంపు రేకు) వెనక్కి చేరుతుంది.

బోల్ట్ బిగింపు

రాడ్ పరీక్షలో తప్పుడు ఫలితాలు ఎక్కువగా ఇక్కడి నుంచే వస్తాయి. టార్క్ రెంచ్ చూపే అంకె బోల్ట్‌లోని బిగింపు కాదు. టార్క్‌లో ఎక్కువ భాగం తల కింద, మరల మధ్య ఘర్షణకే పోతుంది. మరలకు నూనె కాస్త ఎక్కువైనా, తక్కువైనా అదే టార్క్‌కు వచ్చే బిగింపు పాతిక శాతం అటూ ఇటూ అవుతుంది. అందుకే తక్కువ టార్క్‌తో కూర్చోబెట్టి, ఆ తర్వాత ఇన్ని డిగ్రీలు అని తిప్పుతాం. బోల్ట్ సాగడం మొదలయ్యే చోటికి చేరాక ఘర్షణ ప్రభావం తగ్గిపోతుంది.

అంతటితో సరిపెట్టుకోకుండా బోల్ట్ పొడవు కొలుస్తాం. 10.9 గ్రేడ్ ఎం8 (8 మిల్లీమీటర్ల) బోల్ట్‌లో 28 కిలోన్యూటన్ల బిగింపు ఉండి, పట్టు పొడవు 40 మిల్లీమీటర్లు అయితే సాగేది 0.15 మిల్లీమీటర్ దాకా. ఇక్కడ 0.01 వరకే చూపే మైక్రోమీటర్ వాడితే ఒక్క గీత తేడాకు బిగింపులో ఏడు శాతం తప్పు వస్తుంది. 0.001 చూపేది, రెండు వైపులా గుండ్రటి మొనలున్నది కావాలి. బోల్ట్ రెండు చివర్లలో చిన్న గుంట ఉంటే మొన ప్రతిసారీ ఒకే చోట కూర్చుంటుంది. చేతిలో ఎక్కువసేపు పట్టుకున్న బోల్ట్ కూడా కొన్ని మైక్రాన్లు పెరుగుతుంది కాబట్టి గుడ్డతో పట్టుకుంటాం.

రెండు బోల్ట్‌లు కలిపి 56 కిలోన్యూటన్లు. లోడ్ 20. చాలా మిగులు ఉన్నట్టే కనిపిస్తుంది కానీ అందులోంచి బేరింగ్ షెల్‌ను బోర్‌లో నొక్కి ఉంచే బలం పోవాలి. పైగా లోడ్ బోల్ట్ మధ్య గీత మీద పడదు, క్యాప్ వంగి లోపలి అంచు ముందు తెరుచుకోవాలని చూస్తుంది. జాయింట్ తెరుచుకోనంతకాలం బోల్ట్‌కు తెలిసే హెచ్చుతగ్గు లోడ్ చాలా చిన్నది. ఒక్కసారి తెరుచుకుంటే మొత్తం బోల్ట్ మీదే. అందువల్ల బోల్ట్ విరిగితే బోల్ట్ బలహీనం అనుకోవడం తొందరపాటు. పది బోల్ట్‌లు విరిగితే అందులో ఎక్కువ వాటికి బిగింపు తక్కువవడమే కారణంగా కనిపిస్తుంది. సాగేదాకా బిగించిన బోల్ట్‌ను రెండోసారి వాడం. పరీక్ష మధ్యలో రాడ్ విప్పాల్సి వస్తే కొత్త బోల్ట్‌లే.

ఫిక్స్చర్, అలైన్‌మెంట్

బిగ్ ఎండ్‌లో క్రాంక్‌పిన్ బదులు గట్టిపరిచిన మాండ్రెల్ (గుండ్రటి కడ్డీ), స్మాల్ ఎండ్‌లో అసలు పిస్టన్ పిన్ పెడతాం. మాండ్రెల్ చుట్టూ సందు ఇంజిన్‌లో ఉన్నంతే ఉండాలి. బిగుతుగా పెడితే బోర్ ఆకారం మారడానికి వీల్లేక రాడ్ అసలు కంటే బలంగా కనిపిస్తుంది. మరీ వదులైతే ప్రతి సైకిల్‌కూ సుత్తి దెబ్బ పడుతుంది. ఇంజిన్‌లో షాఫ్ట్ తిరుగుతూ నూనె పొరను తయారు చేసుకుంటుంది. ఇక్కడ తిరగడం లేదు, అందుకే పంపుతో నూనె పంపాలి. నూనె ఆగితే కొన్ని గంటల్లోనే షెల్ వెనక, బుష్ (స్మాల్ ఎండ్‌లో పిన్ చుట్టూ ఉండే గొట్టం) అంచు దగ్గర ఎర్రటి తుప్పులాంటి పొడి కనిపిస్తుంది. అది ఫ్రెట్టింగ్, అంటే లోహాలు సన్నగా రుద్దుకుని అరగడం. అక్కడి నుంచి పుట్టిన పగులు మెషిన్ చేసిన పగులు, ఇంజిన్‌లో వచ్చేది కాదు.

అలైన్‌మెంట్ కోసం నడుము మీద నాలుగు వైపులా స్ట్రెయిన్ గేజ్‌లు (లోహం ఎంత సాగిందో కొలిచే పట్టీలు) అతికిస్తాం. నడుము అడ్డకోత 150 చదరపు మిల్లీమీటర్లైతే 10 కిలోన్యూటన్ల లోడ్‌కు 325 మైక్రోస్ట్రెయిన్ (పొడవులో పది లక్షల్లో 325 వంతుల సాగుడు) రావాలి. నాలుగూ దానికి ఐదు శాతం లోపు, అంటే 16 మైక్రోస్ట్రెయిన్ తేడాలోపు ఉండాలి. మించితే రాడ్‌ను విప్పి ముందు వైపు వెనక్కి తిప్పి మళ్ళీ బిగిస్తాం. ఎక్కువ చూపే వైపు రాడ్‌తో పాటు తిరిగితే రాడ్ వంకర. తిరగకుండా అక్కడే ఉంటే ఫిక్స్చర్ (రాడ్‌ను మెషిన్‌కు పట్టి ఉంచే అమరిక) వంకర. అరగంట పని ఇది. ఇది చేయకుండా షిమ్‌లు (పలుచటి రేకులు) పెట్టుకుంటూ పోయినవాళ్ళు సాయంత్రం దాకా అక్కడే ఉంటారు.

మెషిన్ రకాన్ని బట్టి సమయం మారుతుంది. సర్వో హైడ్రాలిక్ మెషిన్‌లో సెకనుకు 30 సైకిళ్ళు నడుపుతాం. 50 లక్షల సైకిళ్ళకు 46 గంటలు పడుతుంది. రెజొనెన్స్ (సహజ కంపనం) మీద నడిచే మెషిన్ సెకనుకు 100 దగ్గర నడిస్తే 14 గంటల్లో అయిపోతుంది. తొందరగా అవుతుందని అదే ఎంచుకుంటే ఒక లెక్క చూడాలి. లోడ్ సెల్‌కూ (లోడ్ కొలిచే భాగానికీ) రాడ్‌కూ మధ్య ఉన్న ఫిక్స్చర్ బరువు 10 కిలోలు, అది 0.2 మిల్లీమీటర్ అటూ ఇటూ కదులుతోంది అనుకోండి. 30 సైకిళ్ళ దగ్గర దాని జడత్వం 71 న్యూటన్లు, పట్టించుకోనక్కర్లేదు. 100 దగ్గర అదే 790 న్యూటన్లు. మన లోడ్ 30 కిలోన్యూటన్ల ఎగుడుదిగుడు (40 కుదింపు నుంచి 20 లాగుడు దాకా ఉన్న 60లో సగం) కాబట్టి రెండున్నర శాతం మించి తప్పు. లోడ్ సెల్ సరిగ్గానే చెబుతుంది, కానీ రాడ్‌కు పడుతున్నది అది కాదు. నడుస్తున్నప్పుడు రాడ్ మీది గేజ్‌లతో పోల్చి సరిదిద్దుకోవాలి.

ఆపే షరతు గురించి ఒక మాట. మన లోడ్‌లో లాగుడుతో పాటు కుదింపు కూడా ఉంది. రాడ్ పూర్తిగా విరిగాక మెషిన్ ఆగకపోతే రెండు ముక్కలూ సెకనుకు 30 సార్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. రెండు సెకన్లు చాలు, విరిగిన ముఖం అద్దంలా నున్నగా మారి చదవడానికి ఏమీ మిగలదు. కాబట్టి విరిగేదాకా కాదు, కదలిక 0.05 మిల్లీమీటర్ పెరగగానే ఆగేలా పెడతాం. పగులు లోతుగా పోయి ఉంటుంది, ముఖం మాత్రం బాగుంటుంది. తర్వాత లాగుడు లోడ్‌తో మెల్లగా తెరుస్తాం. మరీ బిగించి పెట్టినా చిక్కే. నూనె వేడెక్కి కదలిక కొంచెం పెరిగినా రాత్రి రెండింటికి మెషిన్ ఆగిపోతుంది. మొదటి గంట వేడెక్కనిచ్చి, ఆ తర్వాత పరిమితి పెట్టడం మంచిది.

మెట్లెక్కి దిగడం

19వ శతాబ్దంలో జర్మన్ ఇంజనీర్ వోలర్ రైలు ఇరుసులను తిప్పి తిప్పి విరగ్గొట్టినప్పటి నుంచి ఈ పని ఆలోచన ఒకటే: ఏ లోడ్‌కు ఎన్ని సైకిళ్ళకు విరుగుతుంది. ఉక్కు రాడ్‌కు మాకు ముఖ్యంగా కావాల్సింది 50 లక్షల సైకిళ్ళు తట్టుకునే లోడ్ సగటు, దాని చెదురు (రాడ్‌కూ రాడ్‌కూ ఉండే తేడా). దీనికి మెట్ల పద్ధతి వాడతాం. ఒక రాడ్ విరిగితే తర్వాతి రాడ్‌ను ఒక మెట్టు కింద నడుపుతాం. విరగకపోతే ఒక మెట్టు పైన. మెట్టు 5 శాతం.

లెక్క ఎలా నడుస్తుందో చూపడానికి 15 రాడ్ల వరుస ఒకటి తీసుకుందాం. 140 శాతంతో మొదలు. 135 దగ్గర రెండు నడిచాయి, రెండూ విరగలేదు. 140 దగ్గర ఏడు నడిస్తే ఐదు నిలబడ్డాయి, రెండు విరిగాయి. 145 దగ్గర ఐదింట్లో ఒకటే నిలబడింది. 150 దగ్గర నడిచిన ఒక్కటీ విరిగింది. విరిగినవి ఏడు, నిలబడ్డవి ఎనిమిది. 1948లో గణాంక శాస్త్రవేత్తలు డిక్సన్, మూడ్ ఇచ్చిన లెక్క ప్రకారం తక్కువ సంఖ్యలో ఉన్నవాటిని, అంటే విరిగినవాటిని తీసుకుంటాం. సగటు 141.8 శాతం, ప్రామాణిక విచలనం 3.5 శాతం వస్తాయి. మూడు విచలనాలు తీసేస్తే 131. డిజైన్ లోడ్ కంటే 31 శాతం పైన అని సంబరపడొచ్చు.

నేనైతే ఆ 131ని నమ్మను. 15 రాడ్లతో సగటు బాగానే తేలుతుంది, విచలనం తేలదు, సాధారణంగా అసలు కంటే చిన్నదిగానే వస్తుంది. అందుకే సగటులో 5 శాతం కంటే తక్కువ విచలనాన్ని లెక్కలోకి తీసుకోం. ఇక్కడ 7.1 పెట్టుకుంటే మూడు విచలనాల తర్వాత మిగిలేది 120. ఉత్పత్తిలో రాబోయే బ్యాచ్‌ల తేడాలకు ఆ పదకొండు శాతం వదులుకోవడమే నయం.

ఈ పద్ధతిలో జరిగే పెద్ద తప్పు: నిలబడ్డ రాడ్‌ను పక్కన పెట్టకుండా, ఖర్చు కలిసొస్తుందని మళ్ళీ ఎక్కువ లోడ్‌లో నడపడం. తక్కువ లోడ్‌లో లక్షల సైకిళ్ళు తిన్న ఉక్కు కొన్నిసార్లు కొత్త రాడ్ కంటే ఎక్కువ తట్టుకుంటుంది, కొన్నిసార్లు లోపల మొదలైన పగులుతో ముందే పోతుంది. రెండు విధాలా అంకె పనికిరాదు. ఎనిమిది రాడ్లు నిలబడితే వాటికే 370 మెషిన్ గంటలు అయ్యాయన్నది నిజమే. ఆ రాడ్లను తిరిగి వాడాలంటే కోసి గట్టిదనం, మైక్రోస్ట్రక్చర్ చూడటానికి వాడండి. అల్యూమినియం పిస్టన్‌లకు ఈ లెక్క నేరుగా పనికిరాదు. అల్యూమినియానికి ఉక్కులా ఒక గీత దగ్గర ఆగే గుణం లేదు, సైకిళ్ళు పెరిగేకొద్దీ బలం దిగుతూనే ఉంటుంది. వేడికి ఇంకా దిగుతుంది. గది ఉష్ణోగ్రతలో నిలబడ్డ పిస్టన్ గురించి ఏమీ చెప్పలేం.

విరిగిన ముఖం చదవడం

నన్నడిగితే పరీక్షలో అసలు ఫలితం ఇదే, అంకె కాదు. ఏ లోడ్‌కు విరిగింది అన్నదానికంటే ఎక్కడ, ఎందుకు విరిగింది అన్నది ఎక్కువ చెబుతుంది.

మెషిన్ మీంచి తీసిన రెండు ముక్కలనూ ‘సరిగ్గా అతుకుతున్నాయా’ అని కలిపి చూడాలన్న కోరిక ప్రతివాడికీ పుడుతుంది. ఆ పని చేయకూడదు. ఒక్కసారి రుద్దుకుంటే పగులు మొదలైన చోటే పాడవుతుంది. వేలితో తాకకూడదు, వైర్ బ్రష్ పెట్టకూడదు. అసిటోన్‌లో కడిగి, ఆరబెట్టి, తేమ పీల్చే సిలికా జెల్‌తో మూసిన డబ్బాలో పెట్టాలి. ముందు కంటితో, తర్వాత పక్కనుంచి వాలుగా లైటు వేసి భూతద్దంతో, అవసరమైతే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూస్తాం.

ఒకే చోటి నుంచి మొదలై నున్నగా విసనకర్రలా పరుచుకున్న ముఖం, చివర చిన్న గరుకు భాగం ఉంటే లోడ్ తక్కువే, కానీ మొదలైన చోట ఏదో లోపం ఉంది. అంచు పొడవునా చిన్న చిన్న నిలువు మెట్లు కనిపిస్తే పగులు ఒకేసారి చాలా చోట్ల పుట్టిందన్నమాట. అంటే అక్కడ ఒత్తిడి ఎక్కువ, ఆకారమే మార్చాలి. గరుకు భాగం సగానికి పైగా ఉంటే లోడ్ బాగా ఎక్కువ. స్థిరమైన లోడ్‌తో నడిపిన బెంచ్ పరీక్షలో కంటికి కనిపించే వలయపు గీతలు సాధారణంగా ఉండవు. ఇంజిన్‌లో లోడ్ మారుతూ, ఆగుతూ నడుస్తుంది కాబట్టి అక్కడ విరిగినవాటి మీద ఉంటాయి. బెంచ్ మీద కావాలంటే మధ్యలో కొన్ని వేల సైకిళ్ళు లోడ్ తగ్గించి నడిపి గీతలు మనమే వేయొచ్చు. పగులు ఎప్పుడు మొదలైందో వెనక్కి లెక్కేసుకోవడానికి అది పనికొస్తుంది.

విరిగే చోట్లు కొన్నే. నడుము స్మాల్ ఎండ్‌తో కలిసే వంపు దగ్గర విరిగితే అది న్యాయంగా విరిగినట్టే, డిజైన్ లెక్క కూడా సాధారణంగా అక్కడే చూపిస్తుంది. అక్కడ కోసి చూస్తే పైపొరలో కార్బన్ తగ్గిన తెల్లటి పొర కనిపించొచ్చు. ఫోర్జింగ్‌కు వేడి చేసేటప్పుడు పైపొరలో కార్బన్ కాలిపోతే ఉపరితలం మెత్తబడుతుంది. షాట్ పీనింగ్ దాన్ని కొంతవరకే కాపాడుతుంది. నడుము అంచు మీద ఫోర్జింగ్ మడత ఉంటే పగులు అక్కడి నుంచే మొదలవుతుంది, అది మాగ్నెటిక్ పరీక్షలో దొరికి ఉండాల్సింది. స్మాల్ ఎండ్ ఆయిల్ రంధ్రం అంచు నుంచి మొదలైతే రంధ్రం డ్రిల్ చేశాక అంచు తీయలేదన్నమాట. డ్రిల్ మిగిల్చిన పదునైన అంచు (బర్) చేత్తో తడిమితే తెలుస్తుంది. బోల్ట్ తల కూర్చునే చోట మూల నుంచి మొదలైతే ఆ మూల గుండ్రదనం కొలవండి. డ్రాయింగ్‌లో ఒకటిన్నర మిల్లీమీటర్ ఉండి, కటర్ మొన అరిగిపోవడం వల్ల అసలు భాగంలో అందులో సగమే ఉండటం కొత్తేమీ కాదు.

ఇక్కడే ఒక విషయం తేల్చుకోవాలి. 15 రాడ్లలో ఐదు వంపు దగ్గర, రెండు ఆయిల్ రంధ్రం దగ్గర విరిగితే అవి రెండు వేరు వేరు రోగాలు. ఏడింటినీ కలిపి ఒకే లెక్కలో వేయకూడదు. 1951లో వైబుల్ రాసిన పద్ధతిలో, ఎన్ని సైకిళ్ళకు ఎంత శాతం విరిగాయో చూపే గీత గీసినప్పుడు మధ్యలో మోకాలిలా వంగితే చాలాసార్లు కారణం ఇదే, రెండు రకాలుగా విరిగినవి కలిసిపోవడం. గీత వాలును బీటా అంటాం. ఒకటి కంటే తక్కువైతే తయారీ లోపాలు, ఒకటికి దగ్గరైతే యాదృచ్ఛికం, ఒకటి దాటితే అరుగుదల లేదా ఫెటీగ్ (పదే పదే లోడ్ పడి పగలడం). ఆరు భాగాలే ఉన్నా గీత గీయొచ్చు. మొదట విరిగినదాన్ని 10.9 శాతం దగ్గర, రెండోదాన్ని 26.6 దగ్గర, అలా ఆరోదాన్ని 89.1 దగ్గర పెడతాం. వరుస సంఖ్యలోంచి 0.3 తీసి, మొత్తానికి 0.4 కలిపి భాగిస్తే ఆ శాతాలు వస్తాయి.

‘ఒక్కటీ విరగలేదు’ అనే రిపోర్టు

మేనేజర్లకు బాగా నచ్చే వాక్యం ఇది. దాని విలువ ఎంతో లెక్కేయొచ్చు. నూటికి తొంభై భాగాలు నిలబడతాయని 90 శాతం నమ్మకంతో చెప్పాలంటే ఒక్కటీ విరగకుండా 22 భాగాలు పూర్తి జీవితకాలం నడవాలి. నూటికి తొంభై తొమ్మిది అని చెప్పాలంటే 230. అంత మెషిన్ సమయం ఎవరి దగ్గరా ఉండదు. అప్పుడు రెట్టింపు కాలం నడుపుదాం అంటారు. బీటా రెండు అనుకుంటే 22 కాస్తా ఆరుకు దిగుతుంది. బీటా మూడు అనుకుంటే మూడే చాలు. చూడటానికి బ్రహ్మాండం. కానీ ఆ బీటా ఎక్కడి నుంచి వచ్చింది? ఒక్కటీ విరగని పరీక్ష బీటా చెప్పదు. ఇదివరకు ఇలాంటి భాగాలను విరగ్గొట్టిన లెక్కల్లోంచి మాత్రమే వస్తుంది. అందుకే మూడు రాడ్లు నిలబడ్డాయన్న రిపోర్టు కంటే, ఆరు రాడ్లు ఎక్కువ లోడ్‌లో ఎక్కడ విరిగాయో చెప్పే రిపోర్టే నాకు కావాలి.

లోడ్ పెంచి తొందరపెట్టడానికీ హద్దుంది. ఎస్‌ఎన్ గీత (ఏ లోడ్‌కు ఎన్ని సైకిళ్ళకు విరుగుతుందో చూపేది) వాలు 10 అయితే లోడ్ 10 శాతం పెంచగానే జీవితకాలం రెండున్నర రెట్లు తగ్గుతుంది, పని తొందరగా అవుతుంది. ఇంకా పెంచుతూ పోతే ఒక చోట నడుము వంగడం, బిగ్ ఎండ్ బోర్ కోడిగుడ్డు ఆకారానికి మారడం మొదలవుతుంది. ఆ తర్వాత రాడ్ విరిగే తీరు ఇంజిన్‌లో ఎప్పటికీ రాదు. ప్రతి పరీక్ష తర్వాత బోర్‌ను రెండు దిక్కుల్లో కొలవడం దీనికోసమే.

క్రాంక్‌షాఫ్ట్‌కైతే మెషిన్ వేరు. ఒక్క త్రో (ఒక క్రాంక్‌పిన్, దాని రెండు వైపుల భాగం) కోసి, రెండు వైపులా బరువైన దిమ్మలు బిగించి, శ్రుతిదండంలా దాని సహజ కంపనం దగ్గర ఊపుతాం. ఫిల్లెట్‌లో (గుండ్రంగా తీసిన మూలలో) పగులు పెరిగేకొద్దీ ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. ఆ పడిపోవడమే ఆపే గుర్తు. మిగతా లెక్కంతా రాడ్ లాగే.

ఇంజిన్ మీదకు వెళ్ళాక

బెంచ్ మీద నిలబడ్డ డిజైన్ డైనో మీదకు వెళ్తుంది. అక్కడ రాడ్ విరగడం కోసం చూడం, అరుగుదల కోసం చూస్తాం. రోజూ ఒకే సమయంలో, ఒకే వేగం, లోడ్ దగ్గర బ్లోబై (పిస్టన్ రింగులు దాటి కిందికి కారే గ్యాస్), ఆయిల్ ప్రెషర్ రాసుకుంటాం. 50 గంటలకోసారి ఆయిల్ శాంపిల్. ఇంజిన్ వేడిగా నడుస్తుండగా, ప్రతిసారీ అదే చోటి నుంచి, కొత్త నూనె కలపకముందే తీయాలి. చల్లారిన సంప్ (నూనె తొట్టి) అడుగు నుంచి తీస్తే ఒకసారి ఇనుము రెట్టింపు, ఇంకోసారి సగం వస్తుంది.

అంకెలు విడివిడిగా కాదు, జతలుగా చూడాలి. సిలికాన్‌తో పాటు అల్యూమినియం, ఇనుము పెరిగితే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము వెళ్తోంది. కొత్త ఇంజిన్‌లో సిలికాన్ ఒక్కటే ఎక్కువగా ఉంటే అది గ్యాస్కెట్ సీలెంట్ నుంచి కావచ్చు, రెండు మూడు ఆయిల్ మార్పులకు దిగిపోతుంది. సోడియం, పొటాషియం కలిసి పెరిగితే కూలెంట్ లోపలికి వస్తోంది. రాగి ఒక్కటే పెరిగి సీసం, తగరం కదలకపోతే బేరింగ్‌లు విప్పకండి, ఆయిల్ కూలర్ గొట్టాల్లోంచి రాగి నూనెలో కరుగుతూ ఉండొచ్చు. సీసం, తగరం ముందు పెరిగి ఆ తర్వాత రాగి కనిపిస్తే, అలాంటి లోహాలతో చేసిన షెల్ పైపొర పోయి కింది పొర బయటపడుతోందన్నమాట.

పరీక్ష అయ్యాక ఇంజిన్ విప్పేటప్పుడు కూడా ఒక వరుస ఉంది. రాడ్ బోల్ట్ విప్పే ముందు తల మీద, క్యాప్ మీద కలిపి ఒక గీత గీస్తాం. విప్పి, మళ్ళీ అదే గీత దాకా బిగించడానికి ఎంత టార్క్ పట్టిందో చూస్తే బిగింపు ఎంత మిగిలిందో అంచనా దొరుకుతుంది. తర్వాత బోల్ట్ పూర్తిగా తీసి, పొడవును బిగించక ముందు రాసుకున్న అంకెతో పోలుస్తాం. సాగేదాకా బిగించినది కాబట్టి కొంచెం పెరిగే ఉంటుంది. నాలుగు సిలిండర్ల ఎనిమిది బోల్ట్‌లలో ఒక్కటి మిగతా ఏడింటికంటే ఎక్కువ పెరిగి ఉంటే ఆ క్యాప్ జాయింట్ ముఖాన్ని భూతద్దం కింద పెట్టాలి. లోపలి అంచు దగ్గర మెరుగు పెట్టినట్టు నున్నటి మచ్చ ఉందంటే జాయింట్ ఆ చోట తెరుచుకుని మూసుకుంటోంది. ఆ రాడ్ ఇంకా విరగలేదంతే. దాన్ని డబ్బాలో పెట్టి, నంబర్ రాసి, నూరు శాతం లోడ్‌తో మళ్ళీ బెంచ్ మీదకు ఎక్కిస్తాం, ఈసారి క్యాప్ సందుకు అడ్డంగా ఒక డిస్‌ప్లేస్‌మెంట్ గేజ్ బిగించి.